అల్లిక కంకణములు

జీవితమంతయు పిల్లలకు వ్యాకరణము చెప్పి కాలక్షేపము చేసినవాడు కంకణముల అల్లికను గూర్చి ప్రసంగించుట మీలో కొందఱికి వింతగా తోచవచ్చును. ఇట్లు జరుగునని నిరుడు ఎవరైన చెప్పియున్నచో నేనును నమ్మియుండను. సంధులను సమాసములను ఈ పూటకు ప్రక్కన బెట్టి, కొక్కెపు సూదితో నూలు, ఉన్ని, పట్టు మొదలైన వేర్వేఱు దారములను మణికట్టునకు ధరింపదగిన కంకణములుగా అల్లు పనిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

మణికట్టున దారము కట్టుకొనుట మనకు క్రొత్త కాదు. వరలక్ష్మీవ్రతమునాడు తొమ్మిది పోగుల తోరమునకు తొమ్మిది ముడులు వేసి, పసుపు పూసి, పూజలో నుంచి కట్టుకొందురు. అనంతవ్రతమునాటి తోరమునకు ముడులు 14. శ్రావణపూర్ణిమకు రక్ష, పెండ్లికి కంకణము సరేసరి. వీని యన్నింటియందును దారమును నిలుపునది ముడి. ముడికి సంఖ్య కలదు, మంత్రము కలదు, కట్టువారును కట్టించుకొనువారును కలరు. నేను చెప్పబోవు కంకణమునందు ముడి దాదాపు లేదనియే చెప్పవచ్చును. మొదట జారుముడి యొకటి, తుద కొసను బిగించుట యొకటి. నడుమ నున్నదంతయు ఉచ్చులోనుండి లాగిన ఉచ్చే. తుదికొస బిగింపక మునుపు దానిని పట్టి లాగినచో గంటసేపటి పని గుక్కెడు మంచినీళ్ళు త్రాగునంతలో వట్టి దారమై ఒడిలో పడును. నా విషయమున పలుమాఱు పడినది.

ఈ సూదిని మా గోదావరి సీమలో లేసుసూది యందురు. కుట్టుసూదికివలె దీనికి బెజ్జము లేదు; కొనయందు చిన్న కొక్కెము మాత్రముండును. ఫ్రెంచి భాషలో కొక్కెమునకు గల పేరే ఈ పనికిని పేరై, మన స్త్రీల నోట క్రోషియా యైనది. ఎడమచేతి చూపుడువ్రేలిమీదుగా దారమును తెచ్చి, కుడిచేతి సూదిపై నొక ఉచ్చు నిలిపి, కొక్కెముతో దారమును పట్టి ఆ ఉచ్చులోనుండి ఈవలకు లాగవలెను. పాత ఉచ్చు జారిపోవును, క్రొత్తది సూదిపై నిలుచును. ఇట్లు వరుసగా లాగినచో గొలుసు. ఆ గొలుసు కన్నులలో సూది దూర్చి మరల లాగుచు వెనుకకు వచ్చినచో పట్టీ. ఇంతకు మించి మూలసూత్రము లేదు. తక్కినదంతయు దానికి వృత్తియు వ్యాఖ్యానమును.

ఇచట మీరు గమనింపదగిన విశేషము ఒకటి కలదు. రెండు సూదులతో అల్లు స్వెట్టరు పనిని యంత్రము ఎన్నడో నేర్చినది. 1589లోనే ఇంగ్లండులో విలియం లీ యను నతడు మేజోళ్ళు అల్లు యంత్రమును కల్పించెను. ఈ ఒంటిసూది అల్లికయో, నేటివఱకు యంత్రాగారములకు లొంగలేదు. అంగళ్ళలో క్రోషియా యను పేరుతో యంత్రపు బట్టను అమ్ముదురు గాని ఆ అల్లిక వేఱు. దూరమునుండి చూచినప్పుడే పోలిక. నిజమైన క్రోషియా వస్తువు, అది జమీందారు గారి బల్లపై పఱచిన గుడ్డ కానిండు, పది రూపాయల కంకణము కానిండు, ఎచ్చటనో యొక మనుష్యుడు కూర్చుండి ఒక్కొక్క ఉచ్చుగా లాగినదే. ఈ సంగతి నాకు ఆలస్యముగా తెలిసినది. ఎట్లు తెలిసినదో చెప్పెదను.

నిరుడు వేసవి సెలవులకు నా మనుమరాలు మా యింటికి వచ్చినది. కళాశాలలో చదువుకొనుచున్న పిల్ల. సంచినిండ దారపుండలు తెచ్చి, అరుగుమీద కూర్చుండి కంకణములు అల్లుచుండెడిది. పట్టణములో నొక దుకాణమువారు వానిని కొనుచుండిరట. ఒకనాడు వారియొద్దనుండి ఫోనులో మాట వచ్చినది: కంకణమునకు 30 రూపాయలకు మించి ఈయజాలమని. పిల్ల ముఖము చిన్నబోయినది. ఓదార్చుటకై నేను, “పోనీలే అమ్మడూ, తీరిక వేళ చేసే పని. ఎంత ఇచ్చినా లాభమే గదా!” అంటిని. ఆమె కోపపడలేదు. లోపలికి పోయి ఒక సూదియు తెల్లని నూలుండయు తెచ్చి నా యెదుట పెట్టి, “తాతయ్యా, మీరూ తీరికగానే ఉన్నారు. ఒకటి అల్లి, దాని ధర మీరే చెప్పండి” అనినది.

ఉద్యోగము విరమించుకొన్నవాని యొద్ద ఆ మాటకు జవాబు లేదు.

మొదటి దినము గొలుసుతోనే గడచినది. దారము ఎక్కడ జాఱిపోవునో యను భయముచేత ప్రతి ఉచ్చును బిగలాగితిని. వెనుకకు వచ్చునపుడు ఆ కన్నులలో సూదిమొన యైనను దూఱలేదు. ఉండ దొర్లి దొర్లి అరుగు దిగి వీథిలోనికి పోవుచుండగా, మా యింటావిడ దానిని ఇత్తడి చెంబులో వేసి నా ప్రక్కన బెట్టినది. రెండవనాడు వేళ్ళు కొంత వదులైనవి. అంతట వేఱొక చిక్కు వచ్చినది. పది కుట్లతో మొదలిడిన పట్టీ నాలుగు వరుసలు పోవునప్పటికి ఆఱు కుట్లైనది. చూడగా నాగటి కఱ్ఱువలె కొనదేలియున్నది. వరుస తిరుగునప్పుడు గొలుసుకుట్టు ఒకటి ఎక్కువ వేయవలెను. వరుస కడపటి కుట్టు అంచున నక్కియుండును. క్రొత్తవాడు దానిని చూడక తిరిగిపోవును. వరుసకొక కుట్టు నశించును. మందు ఒక్కటే, ప్రతి వరుసయు లెక్కించుట. గణము తప్పిన పద్యమును పట్టుకొని ఎందఱు పిల్లలనో మందలించిన నేను పదివఱకు లెక్క నిలుపలేక పోయితిని. మూడుమాఱులు విప్పితిని. నాలుగవనాటి సాయంకాలమునకు ఏడు అంగుళముల పట్టీ సిద్ధమైనది. గడియారము చూచి వ్రాసికొన్న లెక్క ప్రకారము పట్టిన కాలము 11 గంటలు. నా మనుమరాలు అంతటి పనిని రెండు గంటలలో చేయును.

ఆ మీదట నాకు పట్టుదల హెచ్చినది. దారములనన్నింటిని ఒకదాని తరువాత నొకటి పరీక్షించితిని. ఒకే సూత్రము, ఒకే చేయి. దారము మాఱినచో వస్తువు స్వభావమే మాఱునని అప్పుడు తెలిసినది.

నూలు ఈ పనికి రాజు. అది సాగదు. కనుక కుట్టు ఎట్లు పడినదో అట్లే నిలిచి కనబడును. తప్పును కూడ అంత స్పష్టముగానే కనబడును. నూలు తడిసినప్పుడు మఱింత బలము గలదియై యుండును గనుక కంకణమును దినమును ఉదికినను భయము లేదు. చెమట పట్టు మన దేశమున మణికట్టునకు దీనికంటె సుఖమైనది లేదు. అయితే సాగని దగుటచేత చేతికెక్కించుట కష్టము. ఒకకొస గొలుసుతో చిన్న కన్ను చేసి, రెండవకొస చెక్కపూసనో బొత్తామునో కుట్టవలెను. బిగించిన తరువాత లోపల ఒక వ్రేలు దూఱునంత వదులుండవలెను. లేసు నూలునకు అంకెలుండును. అంకె హెచ్చినకొలది పోగు సన్నమగును. 10వ నంబరు కంకణమునకు చాలును. 60, 80 అంకెల నూలు కంటికి పరీక్ష. కొంత నూలు పట్టువలె మెఱయుచుండుట చూచి కారణ మడిగితిని. 1844లో జాన్ మెర్సర్ అను ఆంగ్లేయుడు నూలును తీక్ష్ణమైన క్షారద్రవములో ముంచు పద్ధతిని కనిపెట్టెను. తరువాతివారు దానిని బిగలాగిపట్టి ముంచినచో మెఱుపు వచ్చునని తెలిసికొనిరి. ఆ నూలు రంగును కూడ బాగుగ పట్టును.

ఉన్ని దీనికి విరుద్ధము. అది సాగి మరల ముడుచుకొనును. కనుక మణికట్టు కొలతకు అర అంగుళము తగ్గించి, రెండు కొసలును కలిపి అల్లినను చేయి దూఱును, బొత్తాముతో పనిలేదు. తప్పుకుట్లను తన నూగులో దాచికొనును. నావంటివానికి దయగల దారము. కాని వేడినీటిలో రుద్ది ఉదికినచో పోగులు ఒకదాని నొకటి పట్టుకొని గట్టిపడి కుంచించుకొనిపోవును. పెద్దవాని కంకణము పసిపిల్లకు చాలునట్లగును. మన గొంగళ్ళకు వాడు నల్లగొఱ్ఱె బొచ్చుతో కూడ ఒకటి అల్లిచూచితిమి. బలమునకు తక్కువ లేదు గాని, మధ్యాహ్నపు టెండలో దానిని ధరించినవాడు ప్రాయశ్చిత్తము చేసికొనుచున్నవాడని తలచెదరు.

పట్టు అందఱికిని ఆశ గొలుపును. ఒక్క పట్టుకాయనుండి కొన్ని వందల గజముల పోగు ఎడతెగక వచ్చును. అతుకులు లేని దగుటచేతనే దానికి ఆ నునుపును మెఱుపును. ఆ నునుపే అల్లువానికి శత్రువు. ఉచ్చు సూదిమీదనుండి జాఱును, బిగించిన కొస తనంతట వదులగును. కొసను వెనుకకు త్రిప్పి నాలుగైదు కుట్ల క్రింద దూర్చి దాచనిచో వారము తిరుగక మునుపే కంకణము విడిపోవును.

నాకు తోచిన ప్రయోగ మొకటి చెప్పెదను. మా నాయనగారు జంధ్యమునకు తకిలిపై నూలు వడికెడివారు. నాలుగు వ్రేళ్ళపై 96 చుట్లు చుట్టి, మూడు పోగులు పేని, మరల మూడింతలు చేసి తొమ్మిది పోగుల దారము చేయుట నాకును వచ్చును. మంత్రింపని మిగులు దారము కొంత ఇంట నున్నది. దానితో అల్లితిమి. పెనవేత గట్టిగా నుండుటచే సూదిమొన పోగుల నడుమ దూఱి చీల్చలేదు. అంగటి నూలుతో నాకు అడుగడుగున జరిగిన తప్పు దీనితో ఒక్కమాఱును జరుగలేదు. చేతివడుకు గనుక అచ్చటచ్చట లావు, అచ్చటచ్చట సన్నము. పసుపునీట ముంచి ఆఱవేసితిమి. నా మనుమరాలి కంకణములలో నెల్ల అదియే మేలైనదని నా యభిప్రాయము. ఆమె యభిప్రాయము వేఱు. వాదించి లాభము లేదు.

గోగునార గీచుకొనును, గోడకు తగిలించు సంచికి పనికివచ్చును. యంత్రాగారములలో రాతినూనె సంబంధమైన పదార్థములనుండి చేయు అక్రిలిక్కు దారము చవుక. రంగులు కనులపండువు, చిమట పట్టదు. అది పసుపును మాత్రము నూలువలె పట్టదు. నిప్పు సోకినచో కరగి చర్మమునకు అంటుకొనును. పొయ్యివద్ద మెలగువారును హారతి పట్టువారును దానిని చేతికి ధరింపకుందురు గాక.

ఇంతవఱకు దారముల సంగతి. ఇక తీరిక యను మాటను గూర్చి చెప్పవలసియున్నది.

మా మేనత్తగారు చిన్నతనముననే వైధవ్యము పొంది మా యింటనే యుండిరి. మా గ్రామము నరసాపురమునకు దాపున నున్నది. ఆ ప్రాంతమున లేసు అల్లని వీథి లేదని చెప్పుదురు. పందొమ్మిదవ శతాబ్దములో క్రైస్తవ మతప్రచారకులు మా సీమలోని పేద స్త్రీలకు ఈ పని నేర్పిరి. ఆ శతాబ్దముననే, 1845 మొదలుకొని ఐర్లండు దేశమున బంగాళదుంపలకు తెగులు వచ్చి ఘోరమైన కఱవు సంభవించినప్పుడు, అచ్చటి సన్యాసినుల మఠములలోను పల్లెలలోను స్త్రీలు ఈ కొక్కెపు సూదితోనే లేసు అల్లి కుటుంబములను నిలుపుకొనిరి. గడప దాటగూడని స్త్రీలకు గడపలోపలనే కూర్చుండి చేయదగిన పని యగుటచేత ఇది మా పల్లెలలో త్వరితముగా వ్యాపించినది. మా అత్తగారు ఇరుగుపొరుగు స్త్రీలను చూచి నేర్చుకొనిరి.

వంట, వడ్డన, దొడ్డిపని ముగిసిన పిమ్మట ఆమె చేతులు కడిగికొని, తెల్లని నూలునకు మాసిక తగులకుండ ఒడిలో గుడ్డ పఱచుకొని, గోడ కానుకొని కూర్చుండెడివారు. మధ్యాహ్నము పొద్దు వాలువఱకు. రాత్రి దీపముకడ మరల. వారమున కొకమాఱు దళారి వచ్చి నూలు తూచి యిచ్చి, అల్లిన లేసు తూచి తీసికొనిపోవును. ఖర్చైన నూలును బట్టి కూలి. 1972 ప్రాంతమున, ఏడవతరగతి చదువుచున్న నేను ఆమె లెక్క వ్రాసెడివాడను. నూలు ఇంత, లేసు ఇంత, తరుగు ఇంత, చెల్లినది ఇంత. గుండ్రని అక్షరములతో గీతలు గీచి వ్రాసిన ఆ పుస్తకమును చూచి నాయనగారు మెచ్చుకొనెడివారు. అందు గంటలకు గడి లేదు. అట్టి గడి యొకటి యుండవలెనని నాకు గాని, నాయనగారికి గాని, దళారికి గాని తోచలేదు. అత్తగారికి తోచినదో లేదో యడుగలేదు. “ఊరకే కూర్చోకుండా తీరిక వేళ ఏదో చేసుకుంటోంది” అని మా యింటిలో అనుకొనెడివారము. ఆమెకు తీరిక యెప్పుడు? తెల్లవాఱుజామున లేచి రాత్రి అందఱు పండుకొనిన తరువాత పండుకొను మనిషి. నలువది యేండ్లు నిండకమునుపే సూదిలో దారమెక్కించుటకు నన్ను పిలువవలసి వచ్చినది. ఈ పనికి బెజ్జము లేని సూది చాలును గనుక లేసు మాత్రము విడువలేదు. వ్రేళ్ళతో తడవి కుట్లు లెక్కించెడివారు.

తరువాత చాలకాలమునకు మరియా మీస్ అను జర్మనీ దేశపు విదుషి మా నరసాపురపు లేసు స్త్రీలను గూర్చి వ్రాసిన గ్రంథమున్నదని వింటిని. అది 1982లో వెలువడినది. దాని సారము నాకొక మిత్రుడు వివరించెను. విదేశములకు సరకు పంపుచున్న స్త్రీలను పనివారుగా గణింపక, ఇంట కూర్చున్న గృహిణులు తీరికవేళ చేయు పనియని పేరు పెట్టుటచేతనే వారికంత తక్కువ కూలి చెల్లినదని ఆమె నిరూపించినదట. నేనప్పుడు తలయూచి ఊరకుంటిని. నా చేతివ్రాతతో నిండిన ఆ లెక్కపుస్తకము జ్ఞప్తికి రాలేదు. నిరుడు మనుమరాలు సూది చేతికిచ్చిన నాలుగవ దినమున, 11 గంటలు అని కాగితముపై వ్రాసినప్పుడు జ్ఞప్తికి వచ్చినది.

నరసాపురపు లేసునకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పేరు మఱియొక చోటివారు తమ సరకునకు పెట్టుకొనరాదు. సంతోషించితిని. పేరునకు రక్షణ దొరికినది. గంటలకు దొరకవలసియున్నది.

ఇక నా మనుమరాలి ప్రశ్నకు జవాబు. మేమిద్దఱము కూర్చుండి లెక్క కట్టితిమి. నూలునకును బొత్తామునకును కలిపి 8 రూపాయలు. దుకాణమువారు ఇచ్చునది 30. మిగులునది 22; పని రెండు గంటలు. గంటకు 11 రూపాయలు. మా యూర వరియూడ్పునకు వచ్చువారు ఈ కూలికి గట్టు దిగరు. మీలో భూములు గలవారు చాలమంది యుందురు. మీకు నేను చెప్పనక్కఱలేదు. ఊడ్పుకూలితో సమానముగా గంటకు కట్టి, దారపు ఖర్చు కలిపి, ధర నేను నిర్ణయించితిని. దుకాణమునకు ఉత్తరము నా చేతనే వ్రాయించినది. “మీ సరకు బాగున్నది కాని ఆ ధరకు యంత్రపువి నాలుగు వచ్చును” అని వారి జవాబు. అది నిజమే. వారియందు దోషమెంచను, వారి అద్దెలు వారికున్నవి. వ్యవహారము అంతటితో ఆగినది.

ఇప్పుడామె తన స్నేహితురాండ్రకును, పెండ్లిండ్లకు అడిగినవారికిని మాత్రమే అల్లుచున్నది. నెలకు పదియో పండ్రెండో పోవును. మునుపటి సంఖ్యలో మూడవవంతు కూడ లేదు. లాభమా నష్టమా యని మా కోడలు అడుగుచున్నది. నేనింకను తేల్చి చెప్పలేకున్నాను. ఒక్కటి మాత్రము చేసితిని. ఆమె లెక్కపుస్తకమునకు గీతలు గీచి యిచ్చినది నేనే. దారము, ఖర్చు, గంటలు, రాబడి. నాలుగు గడులు.

మొన్న సంక్రాంతికి అటక సవరించుచుండగా మేనత్తగారి చిన్న కొయ్యపెట్టె దొరికినది. లోపల పసుపుబాఱిన లేసుముక్క యొకటి, దానికి గ్రుచ్చిన సూది యొకటి. కొక్కెము కంటికి కనబడనంత సన్నము. పట్టుకొనుచోట బొటనవ్రేలి ఒత్తిడికి అరగి నున్ననైనది. మనుమరాలి కిచ్చితిని. ఉన్నికిని లావు నూలునకును అది పనికిరాదని, పట్టుదారమున కైనచో సరిపోవునని చూచి చెప్పినది. ఇప్పుడు దానితో నొక పట్టుకంకణము మొదలిడియున్నది. మొదటి వరుసకే మూడు గంటలు పట్టినదని పుస్తకములో వ్రాసియుండగా చూచితిని.